రోంద

కోబ్రామ్ దాటాక, పీచు తోటల వెనక
ఎత్తు పునాదుల్లేని ఆరు చెక్క ఇళ్లు.
నది వచ్చి వెళ్లి పదకొండు రోజులైంది.
గోడల మీద నా నడుమెత్తున బురద గీత,
ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు.

నేను బీమా కంపెనీ మనిషిని.
చేతిలో టాబ్లెట్, కాళ్లకు అరువు బూట్లు.
పోయినవాటికి అంకె వేయడం నా పని.

వార్సితో గారు గుమ్మంలో చెప్పులు విడిచారు.
లోపల అరికాలి మందాన బురద,
అయినా విడిచారు.
చూసి నేనూ బూట్లు విప్పాను.

ఫ్రిజ్, ఏడేళ్లది. పరుపులు రెండు.
సుమిని గారి కుట్టుమిషను, చక్రం తిరగడం లేదు.
ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా ఉబ్బి పిగిలింది.
అమ్మాయి సర్టిఫికెట్లు దండెం మీద
క్లిప్పులు పెట్టుకుని ఆరుతున్నాయి,
మార్కులు మాత్రం కారిపోయాయి.

'నీళ్లు పైనుంచి వచ్చాయా, పక్కనుంచా?'
అడగక తప్పదు.
ఆకాశం నుంచి పడ్డ నీరైతే పాలసీలో చెల్లుతుంది,
నేల మీద నడిచొచ్చిన నీరైతే చెల్లదు.
ఆయన చాలాసేపు ఆలోచించి
'చీకట్లో వచ్చాయండీ' అన్నారు.

వరండా దూలానికి ఒక దుంగ వేలాడుతోంది.
రెడ్ గమ్ కొమ్మ, పొట్టలో నిలువు చీలిక.
రెండు చలికాలాలు తొలిచారట.
కెంతోంగన్, అన్నారు.
జావాలో, పొగాకు చేల మధ్య వాళ్ల ఊళ్లో
ఒక్కొక్కటిగా మోగితే చావు,
రెండేసి దొంగ,
మూడేసి మంట,
నాలుగేసి నీళ్లు.
రాత్రికి నలుగురు ఊరంతా తిరిగేవారు
ప్రతి గడప పక్కనా వేలాడే డబ్బాలోంచి
చిటికెడు బియ్యం పోగుచేసుకుంటూ.
ఎవరి గోడ కూలినా
ఆ చిటికెలే దాన్ని లేపి నిలబెట్టేవి.
పన్నెండేళ్ల సర్వీసులో మొదటిసారి
నా ఉద్యోగమేమిటో నాకు ఒకరు చెప్పారు.

'ఆ తిరగడాన్ని ఏమంటారు?'
'రోందా.'

టాబ్లెట్ మీద వేలు ఆగిపోయింది.
నర్సీపట్నం స్టేషన్లో మా తాత డ్యూటీ పుస్తకం.
రాత్రి పన్నెండు: రోంద.
మూడు: రోంద. వర్షం. లాంతరు ఆరినది.
ఆ మాట ఆయన బెల్టుతోపాటే పోయిందనుకున్నాను.
ఏ ఓడ మోసుకొచ్చిందో,
మా రేవులో కాస్త దించి,
వాళ్ల రేవులో కాస్త.

ఆ రాత్రి రెండూ నలభైకి
ఆయన నాలుగేసి కొట్టారు.
టవరు పడిపోయి ఫోన్లు అప్పటికే మూగబోయాయి.
సరే, ఈ దేశంలో ఆ లెక్క ఎవరికి తెలుసు?
ఎదురింటి గ్లెనిస్ నైటీ మీద కోటేసుకుని
తిట్టడానికి బయల్దేరింది.
సగం దారిలో చీలమండ తడిసింది.
తిట్టు నోట్లో ఉండగానే
ముసలి డెస్ తలుపు బాదింది.
ఆరిళ్లు, పదిహేడు మంది,
ఒక్కరికీ గాటు పడలేదు.
డెస్ కోళ్లు పోయాయి. వాటికి బీమా లేదు.

ధనప్రాణాలని జంటగా పలుకుతాం గానీ
నా ఫారంలో ఒకదానికే గడులు.
దుంగకు వెల ఎంత వేయను అంటే
వార్సితో గారు నవ్వారు.
'అది తడవలేదు కదా.'

బయటికొస్తే గ్లెనిస్ గేటుకి
బీన్స్ డబ్బా ఒకటి తీగతో కట్టి ఉంది.
లోపల చూశాను, గుప్పెడు ఓట్స్.
'మంటకి మూడా, నాలుగా?' అని అరిచింది నన్ను చూసి,
నేనూ ఆ ఊరిదాన్నే అన్నట్టు.
మూడు, అన్నాను.

కారులో కూర్చుని
'నష్టానికి కారణం' అన్న గడిలో
చీకట్లో వచ్చాయి, అని కొట్టాను.
సిస్టమ్ కింద ఎర్రగీత గీసింది.
చెరపలేదు.
పంపనూ లేదు, ఇంకా.